బ్రౌన్ ఏల్ రుచిపరీక్ష: మన వంటింటి మాటలు

బెంగుళూరులో నా యొద్ద తెలుగు చదివిన శిష్యుడొకడు ఇప్పుడు ఈ నగరముననే బీరు తయారుచేయు కార్ఖానాలో పనిచేయుచున్నాడు. పోయిన యేడు అతడు మా యింటికి వచ్చి, "సార్, రుచి చూసి మార్కులు వేసే కాగితం తెలుగులో రాసుకోవాలని ఉంది. మాటలు దొరకడం లేదు" అన్నాడు. తెలుగు పంతులునకు బీరుతో పనియేమి యని పాఠకులు శంకింపవచ్చును. పానమును ప్రోత్సహించుట నా యుద్దేశము కాదు. కాని రుచిని మాటలలో పెట్టుట భాషకు సంబంధించిన పని. ఆ పనిలో మన తెలుగు ఎంతవరకు నిలుచునో చూడవలెనని రెండు గుటకలకు ఒప్పుకొంటిని.

మేమెన్నుకొన్నది బ్రౌన్ ఏల్ అను ఇంగ్లండు బీరు. పూర్వము అక్కడ ముదురుగా కాల్చి ఆరబెట్టిన మొలకధాన్యముతో బీరు చేయుటచే దానికా వన్నె వచ్చెడిది. ద్రవము యొక్క సాంద్రతను కొలుచు సాధనము పదునెనిమిదవ శతాబ్ది చివర వాడుకలోనికి వచ్చిన పిదప, లేతవన్నె ధాన్యమే ఎక్కువ సారమిచ్చునని తేలి ముదురుధాన్యము వెనుకబడినది. లండనులో మాన్ కంపెనీ 1902లోను, న్యూకాసిల్‌లో జిమ్ పోర్టరు చేతిమీదుగా మరియొక కంపెనీ 1927లోను దీనిని తిరిగి పేరునకు తెచ్చినవి. లండనుది తీపి, ఉత్తరమున చేయునది తీపి తక్కువగా, కొంత బలముగా నుండును.

బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టుట దీనికి మొదటి పని. రాగిమాల్టు కాచుకొను మన యిండ్లవారికి ఇది క్రొత్త గాదు. కొన్ని మొలకలను తడి ఆరకమునుపే వేడిచేసినచో లోని పిండి చక్కెరగా మారును; పిదప వేయింపగా ఆ చక్కెర గింజలోనే గడ్డకట్టును. బ్రౌన్ ఏల్‌లోని పాకము వాసన దానివలన వచ్చునదే.

శిష్యుడు తెచ్చిన కాగితము అమెరికాలోని బీరు పరీక్షకుల సంస్థవారిది. మొత్తము 50 మార్కులు: వాసనకు 12, రూపమునకు 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తముమీది అభిప్రాయమునకు 10. మంచువలె చల్లబరచిన బీరులో వాసన పైకి రాదు గనుక మితమైన చలువలోనే పరీక్షింపవలెను. ముందు వాసన చూడవలెను, ఆలస్యమైనచో ఎగిరిపోవును. రూపమునకు మూడే మార్కులు గనుక దానిపై ఎక్కువసేపు నిలువలేదు. రాగిచెంబు వన్నె మొదలు ముదురు గోధుమవన్నె వరకు ఉండవచ్చును, నల్లగా ఉండరాదు.

మొదటి గ్లాసును ముక్కు కడకు తెచ్చుకొనగానే కాచిన వెన్నవాసన కమ్మగా తగిలినది. 12లో 11 వేసితిని. శిష్యుడు 5 వేసినాడు! "సార్, అది ఉండకూడని వాసన" అన్నాడు. పులియువేళ ఈస్టు వలన డయాసిటైల్ అను పదార్థము పుట్టును. పులియుట ముగిసిన పిదప కొన్నాళ్లు ఈస్టుతోనే ఉంచినచో ఆ ఈస్టే దానిని తిరిగి లోనికి తీసికొనును. తొందరపడి చల్లబరచినచో అది మిగిలిపోవును. ఇంగ్లండు ఏల్‌లో లేశమాత్రమున్న క్షమింతురు గాని, పైకి తేలినచో దోషమే. నేతివాసనకు మురియు తెలుగు ముక్కునకు ఇది కఠినమైన పాఠము. మనకు "కమ్మన" అను మాట వర్ణన మాత్రమే కాదు, మెప్పు కూడ. పరీక్షకుడు ముందు వర్ణించి, ఆ తరువాత తీర్పు చెప్పవలెను. అందుచే "కమ్మన" కొట్టివేసి "కాచిన వెన్న" అని వ్రాసితిమి.

రుచి దగ్గర మాత్రము మన మాటయే గెలిచినది. బ్రౌన్ ఏల్‌లో వేగిన రుచి ఎంతవరకు ఉండవలెనో చెప్పుటకు శిష్యుడు ఇంగ్లీషులో ఒక వాక్యమంత చదివినాడు. "దోర" అంటిని. వేరుసెనగపప్పు దోరగా వేగినప్పుడు వచ్చు రుచి ఈ బీరునకు తగును. అది దాటి మాడినచో స్టౌటు అను నల్లబీరు వైపు పోయినట్లే. "కమురు" అను మాట ఇక్కడ పనికిరాదు, అది కాలిన నేతికి, నూనెకు చెందినది. హాప్స్ అను పూల చేదు తీపిని అదుపున నుంచవలెనే గాని ముందుకు రారాదు.

వగరు విషయమున వాదము జరిగినది. షడ్రసములలో కషాయమొకటి; ఆ కాగితమున వగరు రుచి క్రింద గాక స్పర్శ క్రింద చేరినది. నాలుక ఆరిపోయి పట్టుకొనినట్లుండుట స్పర్శయే గదా యని చివరకు నేను దిగివచ్చితిని.

ఆ వారమే మూడు విధములుగా వేయించిన రాగులను తరగతికి తీసికొనిపోతిని. పదకొండుమంది పిల్లలలో "దోర" అన్నది ఒక్కతె. అవ్వతో వంటింట కూర్చుండు పిల్ల. తక్కినవారు "రోస్ట్ అయింది సార్" అన్నారు.

కాగితమున ఒక గడి ఇంకను ఖాళీగా నున్నది. గాలి తగిలి నిలువయైన బీరునకు ఇంగ్లీషువారు తడిసిన అట్టవాసన అందురు. "ముక్కిన వాసన" అందమంటిని. ముక్కుట నిలువ బియ్యమునకు వచ్చునది, ఇది వేరని శిష్యుడు ఒప్పుకొనలేదు. తగిన మాట తెలిసిన పెద్దలు సంఘమునకు వ్రాసి పంపగోరెదను.