కోతకు ముందే చేతికందే గుండె

ప్రతి వెయ్యి జననాల్లో సుమారు ఎనిమిది మంది శిశువులు గుండె లోపంతో పుడతారని అంచనా. వారిలో చాలామందికి ఉండేది జనం ‘గుండెకు చిల్లు’ అని చెప్పుకునే లోపమే కనుక, శస్త్రచికిత్సకు ఎకో పరీక్ష సాధారణంగా సరిపోతుంది. చిక్కంతా ‘డబుల్ అవుట్‌లెట్ రైట్ వెంట్రికల్’ వంటి జటిలమైన లోపాలతోనే వస్తుంది. ఇందులో శరీరానికి రక్తం అందించే బృహద్ధమని, ఊపిరితిత్తులకు రక్తం పంపే పుపుస ధమని రెండూ కుడి జఠరిక నుంచే బయలుదేరతాయి. ఎడమ జఠరికలోని శుద్ధ రక్తానికి నడిమి గోడలోని రంధ్రం తప్ప వేరే దారి ఉండదు. కాలువకు అడ్డుగట్టు వేసి నీటిని మళ్లించినట్లు, ఆ రంధ్రం నుంచి బృహద్ధమని దాకా లోపల పట్టీ కుట్టి రక్తాన్ని మళ్లించగలిగితే బిడ్డకు రెండు జఠరికలూ దక్కుతాయి, లేకుంటే ఒక్కదానితోనే నెట్టుకురావలసి ఉంటుంది.

ఈ నిర్ణయానికి త్రీడీ ముద్రణ తోడ్పడుతోంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్‌లో గుండెలోని రక్తం తెల్లగా కనిపిస్తుంది; ఆ తెల్లని భాగాన్ని కంప్యూటర్‌లో పొర పొరగా వేరుచేసి, దాని చుట్టూ పలుచని గోడ గీసి, త్రీడీ యంత్రంతో ముద్రిస్తే ఆ బిడ్డ గుండెకే సరితూగే బోలు నమూనా తయారవుతుంది. దాన్ని కోసి, రంధ్రంలోంచి చూస్తే బృహద్ధమని ఎటు ఉందో, పట్టీ ఎంత పొడవు కావాలో శస్త్రవైద్యునికి ముందే తెలుస్తుంది.

2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, పది వైద్యకేంద్రాలకు చెందిన 40 మంది రోగులకు ఇలాంటి నమూనాలు చేయగా, 19 మంది విషయంలో శస్త్రచికిత్స నిర్ణయం మారింది. కొచ్చిలోని అమృత ఆసుపత్రి వైద్యులు కూడా అదే ఏడాది తమ అనుభవాన్ని ప్రచురించారు. అయితే పలుచని కవాటాల రెక్కలు సీటీలో సరిగా పడవు, నమూనా కొట్టుకోదు, రక్తపు ఒత్తిడినీ చూపదు. కాబట్టి ఎకో అవసరం తీరిపోదు, ప్రతి బిడ్డకూ నమూనా అక్కర్లేదు.

నంద్యాల జిల్లా కోయిలకుంట్ల వంటి ఊళ్ల తల్లిదండ్రులకు 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం, 1991 నుంచి పుట్టపర్తిలో ఉచితంగా గుండె చికిత్స చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి, 2021లో తిరుపతిలో తెరిచిన పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పెద్ద ఆసరా. నమూనా ముద్రించే యంత్రం ఊరి దగ్గర లేకపోయినా, స్కాన్ ఫైలు ఎంత దూరమైనా వెళ్లగలదు. అందుకే సీటీ తీయించిన తల్లిదండ్రులు కాగితపు రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, పూర్తి స్కాన్ ఉన్న సీడీని అడిగి తీసుకుని, బిడ్డ కాగితాలతో పాటు భద్రపరచుకోవాలి.