మురుగునీటిలో సహకార జీవనము

నాగల్‌గిద్ద ప్రాంతమున మంజీరానది కర్ణాటకమునుండి తెలంగాణమున ప్రవేశించును. కొంతదూరము పోయినపిదప సింగూరు జలాశయమున నిలుచును. ఆ నీరు హైదరాబాదు ప్రజల దాహమును తీర్చును. వాడుకొనిన పిమ్మట అదియే మురుగై మూసీనది దిక్కునకు సాగును. దానిని శుద్ధిచేయక నదిలో విడిచినచో ఏమగును?

మలమూత్రములందును, ఆహారశేషములందును నత్రజని యుండును. అవి కుళ్లినప్పుడు అమ్మోనియా పుట్టును. అది హెచ్చిన నీటిలో చేపలు బ్రదుకజాలవు. నత్రజనియే ఎరువుకాగా గుర్రపుడెక్క, నాచు పెరిగి చెఱువులను కప్పివేయును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లిగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించినచో పసిబిడ్డల రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును.

ఇవి నీటిలో కరగియుండుటచే ఇసుకతో వడపోసినంతమాత్రమున పోవు. మరి వీనిని తొలగించువారెవరు? 1877లో ష్లోజింగ్, మ్యూంట్స్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టము గుండ మురుగునీటిని మెల్లగా పోనిచ్చిరి. కొన్నిదినములకు అమ్మోనియా నైట్రేటుగా మారెను. క్లోరోఫారము ఆవిరి పట్టింపగా ఆ మార్పు ఆగిపోయెను. మంటికలిపిన నీరు పోయగా మరల మొదలయ్యెను. క్లోరోఫారము జీవులను స్తంభింపజేయును గదా! కావున ఇది మంటిలోని సూక్ష్మజీవుల పనియేయని తేలెను.

ఈ పనిని ముఖ్యముగా మూడు వర్గముల బాక్టీరియాలు పంచుకొనును. నైట్రోసోమోనాస్ మొదలగునవి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రోస్పైరా మొదలగునవి నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఈ రెండింటికిని ప్రాణవాయువు కావలెను. మూడవ వర్గము గాలి చొరని తావున, నైట్రేటులోని ప్రాణవాయువును గ్రహించి మురుగులోని ఆహారమును జీర్ణించుకొనును. మిగిలిన నత్రజని వాయువై నిరపాయముగా గాలిలో కలియును. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు అదియే.

వీనిలో ఏ ఒక్కటియు ఒంటరిగా ఈ పనిని నెరవేర్చలేదు. మొదటి వర్గము పనిచేయనిచో రెండవదానికి ఆహారము లేదు. రెండవది వెనుకబడినచో నైట్రైటు పేరుకొని తక్కినవానికి విషమగును. మొదటి వర్గము పనివలన నీటిలో ఆమ్లము హెచ్చును. అందులో సుమారు సగమును మూడవ వర్గము విరిచివేయును. మఱికొన్ని బాక్టీరియాలు జిగురు స్రవించి అన్నింటిని చిన్నచిన్న ముద్దలుగా కూర్చును. అందుచే మెల్లగా పెరుగు మొదటి రెండు వర్గములును నీటితో కొట్టుకొనిపోక నిలుచును.

హైదరాబాదునందలి కోకాపేటలో 2023లో ప్రారంభమైన శుద్ధికేంద్రము రోజునకు 1.5 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేయగలది. ఇట్టి కేంద్రములందు ఒకే తొట్టిలో కొంతసేపు గాలిని ఊదుదురు, కొంతసేపు ఆపుదురు. అందుచే అన్ని వర్గములకును వంతు వచ్చును. యంత్రము గాలిని మాత్రమే ఇచ్చును, పని జీవులదే.

విద్యార్థులారా! ఆమ్లములను, పురుగుమందులను మురుగుకాలువలో పోసినచో ఈ జీవులు నశించును. అవి మరల వృద్ధిపొందుటకు వారములు పట్టవచ్చును. అంతవరకు ఆ మాలిన్యము దిగువనున్న గ్రామముల పాలగును. కావున మన కాలువలో ఏమి పోయుచున్నామో ఎఱిగి మెలగవలెను.