వార్తల్లో పదం: 34వ అంశం

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో, రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం పందేలు, జూదం. తెలంగాణలోని లింగంపల్లిలో నేరమైన ఆట పొరుగు రాష్ట్రంలో చట్టబద్ధం కాగలిగింది ఈ ఒక్క పంక్తి వల్లే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు 1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. అయినా తెలంగాణ 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఉన్నా డబ్బు పెడితే జూదమేనంది. ఆన్‌లైన్‌నూ అందులో కలిపింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని మాత్రం అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. దాంతో లింగంపల్లిలో కుదరని డబ్బు ఫాంటసీ క్రికెట్, అదే రైలు మార్గంలో కర్ణాటకలోని బీదర్ చేరితే కుదిరేది. సిక్కిం, నాగాలాండ్ అయితే లైసెన్సులకే చట్టాలు చేసుకున్నాయి.

పేకాట గదులకు రాష్ట్ర సరిహద్దు సరిపోయింది, ఫోన్‌కు సరిపోదు. అందుకే 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించడం సబబే. రాష్ట్రాల అధికారాన్ని కేంద్రం లాక్కుందన్న అభ్యంతరం తేలికైనది కాదు. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. నిషేధిస్తే జనం విదేశీ సైట్లకు పోతారన్నదీ నిజమే. కానీ ఈ చట్టం శిక్షించేది ఆడేవారిని కాదు, ఆట నడిపేవారిని, ప్రకటనలిచ్చేవారిని, చెల్లింపులు సాగనిచ్చేవారిని. విదేశీ సైటుకైనా డబ్బు చాలావరకు చేరాల్సింది మన చెల్లింపు వ్యవస్థల నుంచే. ఆ దారిని మూయించడం ఒక్కో రాష్ట్ర పోలీసుల చేతిలో పని కాదు.