పర్యావరణహిత శీతలకారకాల సాంద్రీకరణం: ఉష్ణ బదిలీ అంచనా

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. పట్టిన చేప చెడకుండా బజారుకు చేరాలంటే ఐసు, శీతల గిడ్డంగి తప్పనిసరి. గిడ్డంగిలో గ్రహించిన ఉష్ణాన్ని బయటికి వదిలే భాగం కండెన్సరు. సూర్యదేవుని క్షేత్రమైన అరసవల్లిలో వేసవి మధ్యాహ్నం దాని పని ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

2016 నాటి కిగాలీ సవరణ ప్రకారం భారతదేశం 2047 నాటికి హైడ్రోఫ్లోరోకార్బన్ల వాడకాన్ని 85 శాతం తగ్గించాలి. ఆర్‌-134ఎ భూతాప సామర్థ్యం కార్బన్ డయాక్సైడుకు 1430 రెట్లు. ప్రొపేనుకు అది 5 లోపే, అమోనియాకు దాదాపు శూన్యం. అయితే పాత కండెన్సరు గొట్టంలో కొత్త శీతలకారకం ఎంత ఉష్ణాన్ని వదులుతుందో ముందుగా లెక్కించడం ఎలా?

1979లో షా ప్రతిపాదించిన సూత్రాన్ని నేటికీ విరివిగా వాడుతున్నారు. గొట్టంలో ద్రవం మాత్రమే ప్రవహిస్తే వచ్చే ఉష్ణ బదిలీ గుణకాన్ని, ఆవిరి పాలునూ పీడనాన్నీ బట్టి హెచ్చించడం దాని సారాంశం. 474 ప్రయోగ ఫలితాలతో పోల్చగా సగటు తేడా 15.4 శాతం.

ఈ సూత్రంతో 40 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆవిరి సగం ఉన్నచోట, ఒకే గొట్టంలో ఒకే ఉష్ణభారానికి రెండింటినీ పోల్చవచ్చు. ప్రొపేను గుప్తోష్ణం కిలోకు సుమారు 307 కిలోజౌళ్లు, ఆర్‌-134ఎది 163. కాబట్టి ప్రొపేను ప్రవాహం దాదాపు సగం చాలు. ప్రవాహం తగ్గితే గుణకం పడిపోవాలి. కానీ ప్రొపేను ద్రవపు స్నిగ్ధత సగమే, విశిష్టోష్ణం దాదాపు రెట్టింపు. ఆ నష్టం ఇలా పూడిపోయి, గుణకాలు ఇంచుమించు సమానంగా వస్తాయి. గొట్టంలో పీడన నష్టం మాత్రం సగానికి తగ్గుతుంది. మండే స్వభావం గల ప్రొపేనును తక్కువ పరిమాణంలో నింపాలి గనుక సన్నని గొట్టాలు కావాలి. ఈ వెసులుబాటు అక్కడ అక్కరకు వస్తుంది.

అమోనియా సంగతి వేరు. దాని గుప్తోష్ణం కిలోకు సుమారు 1100 కిలోజౌళ్లు. ప్రవాహం మరీ తక్కువై, ద్రవం గొట్టం అడుగున చేరుతుంది. పైగోడ మీద పలుచని పొర గురుత్వాకర్షణతో జారుతుంది. వేగవంతమైన ప్రవాహానికి రూపొందిన సూత్రం అక్కడ వర్తించదు. 1916లో నుసెల్ట్ ఇచ్చిన పొర సిద్ధాంతమే ఆధారం. అమోనియా రాగిని తినివేస్తుంది గనుక గొట్టాలు ఉక్కువై ఉండాలి.

మరిగే ఉష్ణోగ్రతలు వేరువేరుగా ఉన్న శీతలకారకాల మిశ్రమాలకు శుద్ధ పదార్థాల సూత్రం ఎక్కువ చూపుతుంది. త్వరగా ద్రవించని భాగం పొర చెంత పేరుకొని ఉష్ణాన్ని అడ్డగిస్తుంది. అందుకు బెల్, ఘాలీ 1973లో సూచించిన దిద్దుబాటు చేయాలి.

విద్యార్థులు తరచు మరిచే విషయం ఒకటి. గాలితో చల్లబడే కండెన్సరులో ప్రధాన నిరోధం గాలి వైపునే ఉంటుంది. లోపలి గుణకంలో 15 శాతం పొరపాటు వచ్చినా మొత్తం మీద ప్రభావం స్వల్పం. తీరప్రాంతంలో ఉప్పుగాలికి తుప్పుపట్టి, మూసుకుపోయిన రెక్కలు అంతకంటె ఎక్కువ నష్టం చేస్తాయి. నీటితో చల్లబడే కండెన్సరులో మాత్రం లోపలి అంచనాను బట్టే గొట్టం పొడవు నిర్ణయమవుతుంది.