తిరునాళ్ళ పందెపు ఆటలు

తిరునాళ్ళు, జాతరలు, ఎగ్జిబిషన్లు మొదలగు చోట్ల కొద్దిపాటి రుసుము తీసుకొని, గెలిచినవారికి వస్తువునో సొమ్మునో ఇచ్చే చిన్న ఆటలను తిరునాళ్ళ పందెపు ఆటలు అనవచ్చును. రింగులాట, బెలూన్లను తుపాకితో పేల్చుట, పేర్చిన డబ్బాలను బంతితో పడగొట్టుట, గుండాట వీటిలో తెలుగువారికి బాగా పరిచితమైనవి. పాశ్చాత్య దేశాల కార్నివాళ్ళలోను ఇంచుమించు ఇటువంటి ఆటలే ఉన్నవి. వీటిలో కొన్ని కేవలము అదృష్టము మీద, కొన్ని కొంతవరకు నేర్పు మీద ఆధారపడతాయి. అయితే నేర్పుకు ఎంత చోటు మిగలాలన్నది నిర్వాహకుడు ఎంచుకొన్న కొలతలే చాలావరకు నిర్ణయిస్తాయి.

రింగులాట

బల్లపై సబ్బులు, డబ్బాలు, చెక్కదిమ్మెల మీద నోట్లు ఉంచుతారు. ఆటగాడు తాడు వెనుక నిలబడి రింగు విసరాలి. రింగు వస్తువును పూర్తిగా చుట్టి బల్లకు ఆనితేనే గెలుపు. ఒక మూలను ఆనుకొని నిలిచిపోతే లెక్కకు రాదు.

ఉదాహరణకు దిమ్మె 7 సెంటీమీటర్ల చతురస్రమనుకొందాము. దాని కర్ణము సుమారు 9.9 సెం.మీ. రింగు లోపలి వ్యాసము 10 సెం.మీ. అయితే అది దిమ్మెకు దిగుతుంది, కాని మిగిలే ఖాళీ ఒక మిల్లీమీటరు మాత్రమే. రింగు 10 డిగ్రీలు వాలి వచ్చినచో, వాలిన దిశలో దాని అడ్డుకొలత పైనుండి చూడగా 9.85 సెం.మీ.కు తగ్గుతుంది. అప్పుడది మూలకు తగులుకొనుట సహజము. నిర్వాహకుడు రింగును దిమ్మెకు తొడిగి చూపించుటలో అబద్ధమేమీ లేదు. అతడు పైనుండి నిలువుగా వదులుతాడు, ఆటగాడు దూరము నుండి ఏటవాలుగా విసురుతాడు, అంతే తేడా. అదే రింగు 7 సెం.మీ. వ్యాసము గల గుండ్రని డబ్బాపై పడితే 3 సెం.మీ. వెసులుబాటు ఉంటుంది. రింగును బల్లకు సమాంతరముగా, నెమ్మదిగా తిరిగేటట్లు విసరగలవారికి ఇటువంటి వస్తువులు దక్కుతాయి. విలువైన బహుమతులు దిమ్మెల మీదనే ఉండుట యాదృచ్ఛికము కాదు.

నాణెము విసరుట

గడులు గీసిన పలకపై నాణెము విసిరి, అది ఏ గీతనూ తాకకుండా గడిలో పడితే గెలుపు. ఫ్రెంచి శాస్త్రవేత్త బఫన్ 18వ శతాబ్దములోనే దీనికి లెక్క కట్టినాడు. ఆయన రచన 1777లో అచ్చయినది. నాణెపు మధ్యబిందువు గడి అంచుల నుండి కనీసము నాణెపు వ్యాసార్ధమంత లోపల పడాలి. కనుక 40 మి.మీ. గడిలో 25 మి.మీ. నాణెమునకు అనుకూలమైన చోటు 15 మి.మీ. చతురస్రమే. గెలుపు అవకాశము నూటికి 14. అవకాశము సరిసమానము కావాలంటే గడి సుమారు 85 మి.మీ. ఉండాలి. నున్నటి పలకపై నాణెము జారిపోవును గనుక గురికి ఇక్కడ పెద్దగా పని లేదు.

గుండాట

గోదావరి, కృష్ణా జిల్లాలలో సంక్రాంతి కోడిపందేల బరుల వద్ద కనిపించే ఈ పాచికల ఆట పూర్తిగా అదృష్టమే. ఇంగ్లీషు నావికులు ఆడిన క్రౌన్ అండ్ యాంకర్ కూడ ఈ జాతి ఆటయే. అందులో ఆరు గడులు, మూడు పాచికలు. పందెము కాసిన గుర్తు ఒక పాచికపై పడితే పందెమంత, రెండింటిపై పడితే రెండింతలు, మూడింటిపై పడితే మూడింతలు లాభము.

మూడు పాచికలు, ఆరు గుర్తులు కాబట్టి సగానికి సగము గెలుస్తామని ఆటగాళ్ళు భావిస్తారు. అది పొరపాటు. మొత్తము 216 విధాలలో కాసిన గుర్తు అసలు పడనివి 125, ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడుసార్లు పడేది 1. ఒక్కొక్క రూపాయి చొప్పున 216 సార్లు కాస్తే లాభము 108, నష్టము 125. అనగా నూరు రూపాయలకు సుమారు 7 రూపాయల 87 పైసలు నిర్వాహకునికి చేరును.

ఈ సొమ్ము ఎక్కడి నుండి వచ్చునో ఆరు గడులలోను రూపాయి చొప్పున ఉంచి చూస్తే తెలియును. మూడు వేర్వేరు గుర్తులు పడితే మూడు రూపాయలు తీసుకొని మూడే ఇస్తాడు. ఒక గుర్తు రెండుసార్లు పడితే నాలుగు తీసుకొని మూడు ఇస్తాడు. మూడూ ఒకటే అయితే అయిదు తీసుకొని మూడు ఇస్తాడు. జంట పడి ఒకనికి రెండింతలు వచ్చినపుడు చుట్టూ ఉన్నవారు కేకలు వేస్తారు, కాని నిర్వాహకుడు సంపాదించుకొనేది సరిగ్గా ఆ వేళనే. పాచికలలో ఏ దగా లేనపుడు వచ్చే లెక్క ఇది.

బంతి ఆటలు

అమెరికా కార్నివాళ్ళలో బాస్కెట్‌బాల్ ఆట ప్రసిద్ధము. ప్రామాణిక వలయపు వ్యాసము 45.7 సెం.మీ., బంతి సుమారు 24 సెం.మీ. బంతి 45 డిగ్రీల వాలున దిగితే దానికి కనిపించే ద్వారము 32 సెం.మీ.; 30 డిగ్రీలకు 23 సెం.మీ. మాత్రమే. కొన్ని దుకాణాలలో వలయము చిన్నదిగానో కోలగానో ఉంటుంది. మైదానములో ఆరితేరినవాడు కూడ అక్కడ తప్పుటకు కారణమిదే. బంతిని ఎత్తుగా వేయుట ఒక్కటే ఉపాయము.

పేర్చిన సీసాల ఆటలో అడుగు సీసా ఒకటి బరువుగా ఉండవచ్చును. పై సీసాను కాక, అడుగున రెండు సీసాలు కలిసే చోటును కొట్టుట మేలు.

మళ్ళీ ఆడించేది

కొద్దిలో తప్పిన ఆట మరల ఆడాలనే కోరికను పెంచుతుంది. 2009లో ప్రచురితమైన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనములో, కొద్దిలో తప్పుట పూర్తిగా ఓడుట కంటే ఎక్కువ చిరాకు కలిగించినను, గుర్తును ఆటగాడే ఎంచుకొన్న సందర్భాలలో మాత్రము ఆడాలనే కోరికను పెంచినట్లు తేలినది. రింగును తన చేతితో విసిరేవానికి ఇది మరింత వర్తించవచ్చును.

చట్టము

1867 నాటి జూద చట్టములోను, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టములోను నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఉండేది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట కేవలము అదృష్టమని వేరుచేసినది. తరువాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు కాసే ఆటలను నిషేధించినవి.