నడుము కొలత, ఉప్పు కొలత



"పొద్దున లేచింది మొదలు రాత్రి వంటిల్లు సర్దేదాకా కాళ్ళకి విశ్రాంతి లేదు, ఇంకా మాకు వేరే వ్యాయామం ఎందుకండీ?" అని అడిగేవాళ్ళు మనలో చాలామంది. మాట న్యాయంగానే ఉంది. కాని మన అమ్మలు రోట్లో రుబ్బారు, బావిలో నీళ్ళు తోడారు, బండమీద బట్టలు ఉతికారు. మనకి ఆ పనులన్నీ గ్రైండరు, మోటారు, మిషను చేసిపెడుతున్నాయి. మనం అలిసిపోతున్నది నిజమే. అయితే ఆ అలసట గంటల తరబడి నిలబడటం వల్ల, అందరి అవసరాలూ తలలో మోయడం వల్ల వస్తోంది. గుండె కాస్త వేగంగా కొట్టుకుని ఒళ్ళు చెమర్చే పని తగ్గిపోయింది. అన్నం మాత్రం తగ్గలేదు.

ఇక మన భోజనం సంగతి. అందరూ తిని లేచాక కూర్చుంటాం. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. పారెయ్యడానికి చేతులు రావు గనక ఇంత చారు పోసుకుని, ఆవకాయ నంజుకుని కానిచ్చేస్తాం. ఆ పూట ఒంటికి దక్కింది పిండిపదార్థమూ, ఉప్పూ. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు చూడండి. రోజు మొత్తంలో అందే శక్తిలో బియ్యం, గోధుమ, జొన్నలాంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదట. కూరలు, ఆకుకూరలు, పండ్లు అన్నీ కలిపి రోజుకి అరకిలో దాకా ఉండాలట. మన కంచంలో ఇది సరిగ్గా తలకిందులు. కూర పొయ్యి మీంచి దించగానే మన వాటా ఒక చిన్న గిన్నెలో తీసి పక్కన పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. అత్తగారు ఏమనుకుంటారో అని సంకోచపడేవాళ్ళు ఆవిడకి కూడా ఒక గిన్నె తీసిపెట్టండి. ఆవిడ వయసుకి కూర మరీ అవసరం.

ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాడు, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. గ్రాములు తూచుకుంటూ వంట చెయ్యలేం కదా! నెలసరుకుల లెక్కలో చూడండి. నలుగురున్న ఇంట్లో 30 రోజులకి 600 గ్రాములు. ఇందులోనే పచ్చళ్ళు, అప్పడాలు, బజారు మిక్చరు అన్నీ రావాలి. వంటకే కిలో పాకెట్టు నెలతిరక్కుండా అయిపోతూ ఉంటే ఎక్కడో చెయ్యి జారుతున్నట్టే. ఉప్పు ఎక్కువైతే దాంతోబాటు ఒంట్లో నీరు నిలుస్తుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి నొప్పీ, చప్పుడూ లేకుండా ఉంటుంది. అదే దాని ప్రమాదం.

షుగరూ అంతే. భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో అచ్చయింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల పైచిలుకు మందికి షుగరు ఉంది, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడపలో నిలబడి ఉన్నారు. గడపలో ఉన్నవాళ్ళు తిండీ నడకా సరిచేసుకుంటే చాలామంది లోపలికి వెళ్ళకుండా ఆగవచ్చు. కాని గడపలో ఉన్నామని తెలిసేదెలా?

1978లో అల్మా అటాలో ప్రపంచ దేశాలెన్నో సమావేశమై ప్రాథమిక వైద్యం గురించి ఒక ప్రకటన చేశాయి. ప్రజలకి ఆరోగ్యం గురించి తెలియజెప్పడం, సరైన ఆహారం అందేలా చూడటం కూడా అందులో భాగమే అన్నాయి. జబ్బు వచ్చాక మందివ్వడం ఒక్కటే వైద్యం కాదన్నమాట. హైదరాబాదులో 2018 నుంచి వచ్చిన బస్తీ దవాఖానాలు, ఊళ్ళలోని పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఈ పనికే. 30 ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ముందుగా కనిపెట్టే కార్యక్రమం ఉంది. "అది బీదవాళ్ళ ఆస్పత్రి కదా" అని మనం మొహం తిప్పుకుంటాం. ఆయనకి ఆఫీసు తరఫున పరీక్షలు జరుగుతాయి, పిల్లల్ని స్కూల్లో చూస్తారు. ఇంట్లో ఎప్పుడూ బి.పి. చూపించుకోనిది మనం ఒక్కరమే.

ఆశా కార్యకర్త ఒక ఫారం పట్టుకొస్తుంది. వయసు 40 నుంచి 49 మధ్య అయితే 2 మార్కులు. ఆడవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటితే 2. వారానికి 150 నిమిషాల వ్యాయామం లేకపోతే 1. తల్లికో తండ్రికో షుగరో బి.పి.యో ఉంటే 2. పొగాకు, మద్యం జోలికి పోని ఇల్లాలికైనా ఇలా 7 పడవచ్చు. 4 దాటితే ముందుగా పరీక్ష చేయించుకోవాలి. మార్కులు ఎక్కువొచ్చినందుకు సంతోషించకూడని పరీక్ష ఇదొక్కటే! మందులచీటీ రాసే డాక్టరుగారికి మన వంటింటి సంగతి తెలియదు. ఆ వీధిలోనే తిరిగే ఈ అమ్మాయికి తెలుస్తుంది. అందుకే గుమ్మంలోంచే పంపెయ్యకండి, కూర్చోబెట్టి అడగండి.

150 నిమిషాలంటే రోజుకి అరగంట చొప్పున వారానికి 5 రోజులు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత జోరుగా నడవాలి. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరని లాక్కుని వాడుకుంటాయి. తెల్లవారకముందే ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్ళాలంటే మెడలో గొలుసు గుర్తొస్తుంది, నిజమే. నలుగురు కలిసి బయల్దేరితే ఆ భయమూ తగ్గుతుంది, ఒకరు బద్ధకిస్తే మరొకరు తలుపు తడతారు. వీలుకానివాళ్ళకి డాబా ఉంది.

నడుము కొలుచుకోవడానికి కుట్టుమిషను టేపు చాలు. చిట్టచివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్యన, చీర కుచ్చెళ్ళ మీద కాకుండా ఒంటికి ఆనించి, ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి బిగపట్టకండి. 80 సెంటీమీటర్లు, అంటే 31½ అంగుళాలు దాటితే, ఆశా వచ్చేదాకా ఆగకుండా ఈ వారంలోనే దగ్గరి కేంద్రానికి వెళ్ళి బి.పి., షుగరు చూపించుకోండి. ఆ అంకెలు ఒక కాగితం మీద రాయించుకుని గ్యాసు పుస్తకంలో పెట్టండి, మళ్ళీ వెళ్ళినప్పుడు పోల్చి చూడటానికి ఉంటుంది.