మీకు తెలుసా? సఫారీకి ముందు నెల, తర్వాతే దేశం

"ఆఫ్రికా సఫారీకి వెళ్దామనుకుంటున్నాం, ఏ దేశం బాగుంటుంది?" అని అడిగేవాళ్లను తిరిగి అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఏ నెలలో వెళ్తారు? ఎవరెవరు వెళ్తున్నారు? ఆఫ్రికా వైశాల్యం దాదాపు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. మన దేశం లాంటివి తొమ్మిది పడతాయి. నైరోబీ నుంచి కేప్‌టౌన్‌కు విమానంలోనే ఐదు గంటలు దాటుతుంది. ఒకే ట్రిప్పులో అంతా చుట్టేద్దామనుకున్నవాళ్లు చివరికి ఎక్కువసేపు చూసేది ఎయిర్‌పోర్టులనే. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే దేశం సగం తేలినట్టే.

దసరాకి నది, సంక్రాంతి దాటాక మైదానం

వైల్డ్‌బీస్ట్‌ల మహా వలస అనగానే మొసళ్లున్న నదిలోకి మందలు దూకే దృశ్యం గుర్తొస్తుంది. అందుకే అదేదో ఏడాదికోసారి వచ్చే జాతర అనుకుంటాం. నిజానికి దానికి మొదలూ లేదు, చివరా లేదు. పదమూడు లక్షల పైచిలుకు వైల్డ్‌బీస్ట్‌లు, వాటి వెంట లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు టాంజానియాలోని సెరెంగెటికీ, కెన్యాలోని మసాయి మారాకీ మధ్య ఏడాదంతా వానల వెంబడి తిరుగుతూనే ఉంటాయి.

మారా నదిని దాటడం మామూలుగా జులై నుంచి అక్టోబరు దాకా. దసరా సెలవుల్లో వెళ్తే ఆ చివరి రోజులు దొరకొచ్చు. ఫలానా రోజున దాటతాయని మాత్రం ఏ గైడూ చెప్పలేడు. వేల జంతువులు ఒడ్డున గంటల తరబడి నిలబడి, ఒక్కటీ నీళ్లలో కాలు పెట్టకుండా వెనక్కి వెళ్లిపోయే రోజులూ ఉంటాయి. అందుకే ఒక్క రాత్రి బస పెట్టుకుని "నది దాటడం చూసి వచ్చేద్దాం" అంటే కుదరదు. నాలుగు రాత్రులైనా ఉండాలి.

ఆ దృశ్యం కోసం కెన్యాకే వెళ్లాలని కూడా లేదు. మారా నది ఉత్తర సెరెంగెటి గుండా కూడా పారుతుంది. కొగాటెండె ప్రాంతంలో, టాంజానియా గడ్డ మీదే ఉండి అవే మందలను చూడొచ్చు. మధ్యలో కంచె లేదు కాబట్టి జంతువులు ఇష్టమొచ్చినట్టు దేశాలు మారతాయి. మనకు ఆ వెసులుబాటు లేదు. మ్యాపులో రెండూ ఆనుకునే కనిపిస్తాయి గానీ, పర్యాటకులు ఇసెబానియా లాంటి చెక్‌పోస్టు దాకా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. పొద్దున మారా, సాయంత్రం సెరెంగెటి అని ఎవరైనా ప్లాన్ గీసి ఇస్తే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

నా ఓటు మాత్రం ఫిబ్రవరికి. జనవరి చివరికల్లా మందలన్నీ దక్షిణ సెరెంగెటిలో, ఎన్డూటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాలకు చేరతాయి. ఎన్‌గోరొంగోరో వైపు అగ్నిపర్వతాలు ఎప్పుడో చిమ్మిన బూడిద అక్కడ మట్టిగా మారింది. అందులో పెరిగే గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లులకు అదే బలం. గడ్డి పొట్టిగా ఉంటుంది కాబట్టి పొంచి ఉన్న సింహం దూరం నుంచే కనబడుతుంది. దూడల్లో ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లోనే పుట్టేస్తాయి. అన్నీ ఒక్కసారే పుడితే సింహాలు, హైనాలు, చీతాలు ఎన్నని తినగలవు? ఆ లెక్కే మందను నిలబెడుతోంది. పుట్టిన దూడ కొన్ని నిమిషాల్లోనే లేచి నిలబడుతుంది. నది దగ్గర బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇక్కడ మైదానం విశాలం, ఆ ఇరుకు ఉండదు.

టీకా వేసింది ఆవులకి, పెరిగింది అడవి మంద

1960ల మొదట్లో సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్‌లు రెండున్నర లక్షల చుట్టుపక్కల ఉండేవి. 1970ల చివరికి పదమూడు లక్షలయ్యాయి. వాటికెవరూ మేత వేయలేదు, మందూ పెట్టలేదు. చుట్టూ ఊళ్లలోని పశువులకు రిండర్‌పెస్ట్ టీకాలు వేశారు. మన రైతులు ముసర వ్యాధి అని పిలిచినది అదే. ఊరి పశువుల నుంచి అడవిలోకి పాకడం ఆగాక మంద దానంతటదే పెరిగింది. 2011లో ఆ వ్యాధి ప్రపంచంలో ఎక్కడా లేదని ప్రకటించారు. టీవీలో మనం నోరు తెరుచుకుని చూసే ఆ మహా మంద వెనక పశువైద్యుల చేతి చలవ ఉంది.

వేసవి సెలవులా? అయితే కిందికి దిగండి

పిల్లల బడులు మూసేది ఏప్రిల్ చివర్లో. కెన్యా, టాంజానియాల్లో పెద్ద వానలు సరిగ్గా మార్చి నుంచి మే దాకా. మారాలో చాలా చోట్ల నేల నల్లరేగడి. వానకు తడిసిన నల్లరేగడిలో బండి దిగబడితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొన్ని క్యాంపులు ఆ నెలల్లో మూసేస్తారు కూడా. తెరిచినవాటిలో ధరలు బాగా తగ్గుతాయి, జనం పలచగా ఉంటారు. ప్రవేశ రుసుములోనూ తేడా ఉంది: మసాయి మారాలో విదేశీ పెద్దలకు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. బురదకు జడవనివాళ్లకి ఇది బేరమే.

పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే మాత్రం మే నెలలో దక్షిణాఫ్రికా వైపు చూడటం మేలు. అక్కడ అప్పటికి వానలు ఆగి ఎండుకాలం మొదలవుతుంది. గడ్డి పలచబడేకొద్దీ జంతువులు నీటి మడుగుల దగ్గరికి చేరతాయి. సెప్టెంబరు దాకా చూపు బాగా ఆనుతుంది.

ఉమ్మడి అనంతపురం అంత పార్కు

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు వైశాల్యం 19,485 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130. అంటే ఆ జిల్లా కన్నా ఈ పార్కే కాస్త పెద్దది. 1898లో సాబీ గేమ్ రిజర్వుగా మొదలై, 1926లో నేషనల్ పార్కు అయింది.

దీని గొప్పతనం ఏమిటంటే, సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చు. తారురోడ్లున్నాయి, మనలాగే ఎడమవైపు నడుపుతారు. వేగం తారురోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు, మట్టిరోడ్డు మీద 40 దాటకూడదు. చీకటి పడేలోపు క్యాంపు గేటు లోపలికి చేరాలి, ఆలస్యమైతే జరిమానా. నిర్దేశించిన చోట తప్ప కారు దిగకూడదు. స్కుకూజా, సటారా, లోయర్ సాబీ లాంటి క్యాంపుల్లో వంటగది ఉన్న కుటీరాలు దొరుకుతాయి. పప్పూ అన్నం లేనిదే పూట గడవని నాన్నగారిని తీసుకెళ్తున్నవాళ్లకు ఇదో పెద్ద ఊరట. క్యాంపుల్లో గోడకు ఒక మ్యాపు తగిలించి ఉంటుంది. ఆరోజు సింహం ఎక్కడ కనిపించిందో, చిరుత ఎక్కడ కనిపించిందో చూసినవాళ్లు వచ్చి రంగు గుర్తులు పెడతారు. సాయంత్రం దాని ముందు జరిగే వాదోపవాదాలు వినడం కూడా ఓ సరదా.

గైడు ఉంటే కనబడేవి ఎక్కువ, నిజమే. కానీ మీ కంటికి మీరే ఒక ఏనుగును పట్టుకున్నప్పుడు ఉండే హుషారు వేరు.

స్వెట్టర్ మర్చిపోకండి

ఆఫ్రికా అంటే ఎండే అనుకుని పలచని చొక్కాలు సర్దుకునేవాళ్లే ఎక్కువ. జూన్, జులైల్లో దక్షిణార్ధగోళంలో చలికాలం. పైకప్పు లేని జీపులో తెల్లవారుజామున ఆరింటికి బయల్దేరితే చెవులు మొద్దుబారతాయి. భూమధ్యరేఖకు దగ్గరున్నా నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. ఎన్‌గోరొంగోరో బిలం అంచు మీద ఉండే లాడ్జిలు 2,000 మీటర్లు దాటిన ఎత్తున ఉంటాయి. అక్కడ ఉన్ని టోపీ ఏ నెలలోనైనా పనికొస్తుంది.

వానలు పోయాక వచ్చే వరద

బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టాలో వరద ఎండుకాలంలో నిండుతుంది. వాన కురిసేది అంగోలా ఎగువ భూముల్లో. ఆ నీళ్లు నెలల తరబడి నింపాదిగా నడిచి, చుట్టూ నేల ఎండిపోయే జూన్, జులై, ఆగస్టుల్లో డెల్టా అంతటా పరుచుకుంటాయి. ఒకవాంగో నది సముద్రాన్ని చేరదు, కలహారిలోనే ముగిసిపోతుంది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది ఈ డెల్టాయే. మొకోరో అనే సన్నని పడవలో కూర్చుంటే పడవవాడు గెడ వేసుకుంటూ రెల్లు మధ్య నుంచి తీసుకెళ్తాడు.

తక్కువ మంది, ఎక్కువ ధర అన్నది బోట్స్‌వానా ఎంచుకున్న దారి. మొదటి సఫారీకి ఇది సిఫారసు చేయను. ఏవి నచ్చుతాయో తెలిశాక, రెండోసారికి దాచుకోదగ్గది.

పదిహేను కిలోలే

నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకు తీసుకెళ్లే చిన్న విమానాల్లో సామాను పరిమితి తరచుగా 15 కిలోలు, చేతిసంచీతో కలిపి. గట్టి సూట్‌కేసు పట్టదు, మెత్తని బ్యాగే కావాలి. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, కెమెరా లెన్సు: ఈ మూడింట్లో ఏది ఆగిపోవాలో ఇంట్లోనే తేల్చుకోండి. పాలిథీన్ క్యారీబ్యాగులను కెన్యా 2017లో, టాంజానియా 2019లో నిషేధించాయి. కాబట్టి చెప్పులు చుట్టడానికి కూడా గుడ్డసంచీయే.

కెన్యాలో తిండికి బెంగ అక్కర్లేదు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా రైలుమార్గం వేయడానికి వెళ్లిన భారతీయ కూలీలు, వాళ్ల వెనకాలే వెళ్లిన వ్యాపారులు అక్కడ ఎంతగా కలిసిపోయారంటే, చపాతీ, చాయ్ ఇవాళ కెన్యా ఇళ్లలోని వంటలే.

బిగ్ ఫైవ్ అన్నది వేటగాళ్ల లెక్క

సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. కాలినడకన వేటాడటానికి అత్యంత ప్రమాదకరమైనవని తుపాకీవాళ్లు కట్టిన జాబితా ఇది. చీతా, జిరాఫీ, నీటిగుర్రం అందులో లేవు. నమీబియాలోని ఎటోషాలో అడవిదున్నలే లేవు. అయినా రాత్రిపూట దీపాల వెలుగులో ఒకవుకుయో మడుగుకు నీళ్లు తాగడానికి వచ్చే నల్ల ఖడ్గమృగం చాలు, ఆ లోటు తెలియదు. ఎన్‌గోరొంగోరో బిలం అడుగున జిరాఫీలు ఉండవు. పిల్లలు జిరాఫీ మీదే ఆశ పెట్టుకుంటే ముందే చెప్పి ఉంచండి.

సరిహద్దు బయటి అడవి

మారా రిజర్వు లోపల రాత్రి సఫారీ లేదు, దారి వదిలి గడ్డిలోకి బండి దింపకూడదు. కానీ దాన్ని ఆనుకునే నబోయిషో, ఒలారె మొతొరొగి, మారా నార్త్ అనే కన్సర్వెన్సీలున్నాయి. ఆ భూములు మసాయి కుటుంబాలవి. క్యాంపులవాళ్లు వాటిని లీజుకు తీసుకుని అద్దె కడతారు. పడకల సంఖ్య పరిమితం, బండ్లు తక్కువ, రాత్రి తిరగొచ్చు, కాలినడకనా వెళ్లొచ్చు. ఖర్చు కాస్త ఎక్కువే గానీ, డబ్బు మిగిలితే నగిషీల లాడ్జి గది కన్నా దీని మీద పెట్టడం నయం.

చిన్నపిల్లలుంటే

మలేరియా భయపెడుతుంటే, అది లేని సఫారీలు కూడా ఉన్నాయి: దక్షిణాఫ్రికాలో మాడిక్వే, పిలానెస్‌బర్గ్, ఈస్టర్న్ కేప్‌లోని అడ్డో. 1931లో అడ్డోను మొదలుపెట్టినప్పుడు మిగిలినవి పదకొండు ఏనుగులు. ఇప్పుడు ఆరు వందలు దాటాయి. కొండ గొరిల్లాలను చూడాలంటే మాత్రం పిల్లలకు పదిహేనేళ్లు నిండాలి. పర్మిట్ ఒక్కొక్కరికి రువాండాలో 1,500 డాలర్లు, ఉగాండాలో 800. వాటి దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంట.

డర్బన్‌లో తెలుగువారు, పక్కనే ఖడ్గమృగాలు

1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసుల ఆంధ్ర మహాసభ 1931లో ఏర్పడింది. డర్బన్ నుంచి కారులో మూడు గంటల దూరంలోనే ష్లుష్లువె-ఇంఫొలోజి పార్కు ఉంది. 1895లోనే రక్షిత ప్రాంతమైంది. దక్షిణ తెల్ల ఖడ్గమృగం అంతరించే దశలో చివరికి మిగిలింది ఇక్కడే. 1960ల్లో ఇక్కడి నుంచే వాటిని ఇతర పార్కులకు తరలించారు. డర్బన్‌లో బంధువులుంటే క్రూగర్ దాకా పోనక్కర్లేదు.

నీలం చొక్కా వద్దు

ఆఫ్రికాలో మనుషుల్ని కుట్టే సెట్సీ ఈగకు నీలం, నలుపు అంటే ప్రాణం. దాన్ని పట్టే ఉచ్చులను ఆ రంగు గుడ్డలతోనే కుడతారు. జీన్స్ మీద నుంచి కూడా కుట్టగలదు. ఖాకీ, మట్టిరంగు వేసుకోండి. సైనికుల మచ్చల దుస్తులు మాత్రం వద్దు, జింబాబ్వేలో పౌరులు వేసుకోవడం నేరం.

తిరుగు ప్రయాణంలో ఆపేది మన దేశమే

వెళ్లేటప్పటి వీసా గురించి అందరూ కంగారుపడతారు. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఆన్‌లైన్ అనుమతి పెట్టింది, అది తేలిక. అసలు చిక్కు వచ్చేటప్పుడు. కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ జ్వరం మన దేశంలో లేదు. దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం ప్రతి వీధిలోనూ ఉంది, డెంగీని పంచేది అదే. అందుకే అంత కట్టుదిట్టం. సర్టిఫికెట్ చెల్లుబాటయ్యేది టీకా వేసిన పదో రోజు నుంచి; ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. వీధి చివరి క్లినిక్‌లో వేసేది కాదు, గుర్తింపు ఉన్న కేంద్రానికే వెళ్లాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లండి, ఆ నంబరు సర్టిఫికెట్‌గా ఇచ్చే పసుపు కార్డు మీద రాస్తారు.